పదకొండో ఎక్కానికి బహిరంగ లేఖ

పదకొండో ఎక్కమా,

మేం నలుగురం హాంకాంగ్ నుంచి క్షేమంగా ఇల్లు చేరాం. నువ్వూ చేరే ఉంటావు. టికెట్టూ పాస్‌పోర్టూ లేకుండా మాతో వచ్చిన ఐదో శాల్తీవి నువ్వే కదా. పిలవని పేరంటానికి రావడమే కాక, వెళ్ళిన ప్రతిచోటా ముందు నువ్వే పీట వేసుకు కూర్చున్నావు.

నిజానికి మనిద్దరికీ పాత స్నేహం. మూడో క్లాసులో పదమూడూ పదిహేడూ నా వీపు విమానం మోత మోగించిన రోజుల్లో నువ్వొక్కదానివే నా పక్షాన నిలబడ్డావు. పదకొండు రెళ్ళు ఇరవైరెండు, పదకొండు మూళ్ళు ముప్పైమూడు. మాస్టారు ఏ అంకె అడిగితే దాన్నే రెండుసార్లు అప్పజెప్పి కూర్చునేవాణ్ణి. ఆ చనువే ఇప్పుడు కొంప ముంచింది. 2025 సంక్రాంతి ముందు శని, ఆదివారాలు లాంటావ్ దీవిలోని డిస్నీలాండ్‌లో గడుపుదామని మేం బయల్దేరేనాటికి హాంకాంగ్ డాలరు కాస్త అటూ ఇటూగా పదకొండు రూపాయలుంది. పదిహేడు రూపాయలుంటే ఎంత బావుండేది! ఖర్చు ఎక్కువయ్యేదేమో కానీ లెక్క నాకు వచ్చేది కాదు.

ఇందులో హాంకాంగ్ వాళ్ళ తప్పు లేదు. 1983 అక్టోబరులో వాళ్ళు తమ డాలరుని అమెరికా డాలరుకి 7.80 చొప్పున కట్టేశారు, గుంజకి గేదెని కట్టినట్టు. నలభై ఏళ్ళు దాటినా ఆ పలుపు 7.75కీ 7.85కీ మధ్యే ఆడుతోంది. నడిచి వెళ్ళిపోయింది మన రూపాయి. అప్పట్లో అమెరికా డాలరు పది రూపాయల చిల్లర, అంటే హాంకాంగ్ డాలరు రూపాయిన్నర లోపే. 2005 సెప్టెంబరు 12న ఆ డిస్నీలాండ్ తలుపులు తెరిచేనాటికి ఐదున్నర దాటింది. మా తాతగారికి అర ఎక్కం, ముప్పావు ఎక్కం కంఠతా వచ్చు. ఐదున్నర ఆయనకి ఓ లెక్క కాదు. నేనైతే కాగితం, పెన్సిలు వెతుక్కోవాలి. వెతుక్కునేలోపు పిల్ల ఐస్‌క్రీమ్ తినేసి చేతులు కడుక్కునేది.

మొదట్లో నిన్ను ఓడించాను కూడా. మనవాళ్ళు బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో చేయించుకోవాల్సిన నమోదుకి రుసుము లేదు, దాంతో పద్నాలుగు రోజుల దాకా ఉండనిస్తారు. సున్నాని పెట్టి హెచ్చవేసుకో అన్నాను. నోరు మెదపలేదు నువ్వు. దిగీదిగగానే రైళ్ళకీ బస్సులకీ పనికొచ్చే ఆక్టోపస్ కార్డులు కొన్నాం చూడు, అప్పుడు లేచావు. ఒక్కో కార్డుకి డిపాజిట్ యాభై డాలర్లు. “నలుగురికి రెండువేల రెండొందలు” అని చెవిలో ఊదావు. “వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేస్తారండీ” అంది మా ఆవిడ. ఆవిడ మాట చాలావరకు నిజమే. నిద్ర పాడైంది మాత్రం నాకు.

సన్నీ బే స్టేషన్లో పార్కు రైలెక్కాం. డ్రైవరుండడు, కిటికీలు మిక్కీ తలకాయ ఆకారంలో ఉంటాయి, నిలబడి పట్టుకునే పిడులూ అంతే. మా అమ్మాయి ఆ కిటికీకి ముక్కు ఆనించి సముద్రం చూసింది. నేను కార్డులో ఎంత మిగిలిందా అని చూశాను. ఆ దారి నాలుగు నిమిషాలు కూడా ఉండదు. తిరిగి రాని నాలుగు నిమిషాలు, వాటికీ నీ దగ్గర లెక్కుందా?

స్టేషన్ నుంచి గేటు దాకా దారి తిన్నగా ఉండదు, ఒకచోట ఒంపు తిరుగుతుంది. ఫెంగ్‌షుయ్ పండితుల్ని అడిగి, మంచి శక్తి జారి సముద్రం పాలు కాకుండా అలా వేశారట. ముఖద్వారాన్ని కూడా పన్నెండు డిగ్రీలు తిప్పించారు. ఇది విన్నాక మా అమ్మకి ఆ ఊరి మీద గౌరవం పుట్టుకొచ్చింది. “చూశావా, అంత కంపెనీ అయ్యుండీ వాస్తు అడిగి కట్టుకున్నారు. నువ్వేమో వంటగది ఎక్కడున్నా ఒకటే అంటావు.” అక్కడి హోటల్లో పెద్ద హాలు 888 చదరపు మీటర్లు, ఎనిమిది కలిసొచ్చే అంకె కాబట్టి. నాలుగో అంతస్తు అసలు లేదు, వాళ్ళ భాషలో నాలుగు అనే మాట చావులా వినిపిస్తుంది కాబట్టి. అంకెలకి ఇంత మర్యాద జరిగే చోట పదకొండు అశుభమని ఎవరైనా అంటారేమోనని చెవులు రిక్కించాను. ఎవరూ అనలేదు. నేనంటున్నాను.

అమ్మ దగ్గర మాత్రం నువ్వూ మెత్తబడ్డావు. ఆవిడకి అరవై ఎనిమిది. పెద్దవయసువాళ్ళకి అప్పుడు టికెట్ వంద డాలర్లే. పదకొండు వందలు! ఆ రెండ్రోజుల్లో నువ్వు నాకు చెప్పిన ఒకే ఒక్క శుభవార్త. “మీ అందరిలోకీ చవకైనదాన్ని నేనే” అని గేటు దగ్గర నవ్వింది అమ్మ. ఆ నవ్వుని ఫోటో తీయాలని తోచలేదు. మిగతా ముగ్గురి టికెట్లు కూడుతున్నాను.

ముదిరిన రోగం ఫ్రోజెన్ సినిమా ఊరి దగ్గర బయటపడింది. 2023 నవంబరులో తెరిచిన చోటది. మంచు కొండా, రేవూ, చెక్క ఇళ్ళూ నిజం ఊరే అనిపిస్తాయి. పడవ సవారీ ముందు బోర్డు మీద 45 అని కనిపించింది. రెండంకెలూ కూడి మధ్యలో కూరితే నీ పని అయిపోతుంది కదా, కూరేశాను. నాలుగువందల తొంభై ఐదు! “అమ్మో” అన్నాను పైకే. మా ఆవిడ నా నుదురు తాకి చూసింది. “అది నిమిషాలండీ.”

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఈ ఉత్తరం రాయించింది మాత్రం వేరే. 

ఆదివారం సాయంత్రం కొట్లో మా అమ్మాయి ఫ్రోజెన్ సినిమాలోని మంచుమనిషి ఓలఫ్ బొమ్మని ఎత్తుకుంది. బుగ్గకి ఆనించుకుని, ఊపి, దానికేదో చెప్పింది. తర్వాత చీటీ తిప్పి చూసింది. 198. పెదాలు కదిలాయి. నాకు ఆ కదలిక తెలుసు, అది నాదే. ఎనిమిది వేసి, ఏడు వేసి, ఒకటి మోసి, రెండువేల నూట డెబ్భై ఎనిమిది దగ్గర ఆగింది. బొమ్మని తీసిన చోటే, ముందెలా ఉందో అలాగే, మొహం ఇటు తిప్పి పెట్టేసింది. ఏడవలేదు, అడగలేదు. “కొననా?” అంటే “వద్దులే నాన్నా, మనింట్లో బొమ్మలున్నాయిగా” అంది. ఎనిమిదేళ్ళ పిల్ల. నేను తీసి బిల్లు కట్టించాను. సంచీ పట్టుకుందే కానీ ఆ రాత్రి దాకా బయటికి తియ్యలేదు.

కోట ముందు రాత్రి ప్రదర్శన వేళకి జనంలో నేలమీదే కూలబడ్డాం. కోట గోడల మీద బొమ్మలు కదిలాయి, నీళ్ళు ఎగిశాయి, ఆకాశమంతా బాణాసంచా. అక్కడ నీ ఆట సాగలేదు. ఆ వెలుగులకి ధర చీటీ లేదు. అప్పుడు తీసింది మా అమ్మాయి ఓలఫ్‌ని, వాడూ చూడాలని భుజం మీద కూర్చోబెట్టింది. అమ్మ చేగోడీలు పంచింది. గుంటూరు నుంచి తెచ్చినవి, వాటినీ నువ్వు ముట్టుకోలేదు.

నీకు సెలవిచ్చేశాననే అనుకున్నాను. మొన్న గుంటూరు స్టేషన్లో దిగితే ఆటో అబ్బాయి రెండొందల ఇరవై అన్నాడు. మామూలుగా నూట ఇరవైకి వచ్చే దూరం. ఇరవై డాలర్లే కదా అనుకుని, పెట్టెలు పైకి అందించి, బేరం లేకుండా ఎక్కి కూర్చున్నాను. కింద నిలబడి మా ఆవిడ నా వైపు అదోలా చూస్తోంది. ఓలఫ్‌ని చంకలో ఇరికించుకుని మా అమ్మాయి ముందుకొచ్చింది.

“నూట ఇరవైకి వస్తావా, మామయ్యా?”

ఇట్లు,
నీ పాత స్నేహితుడు