రొట్టెయంత్ర సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: నీరును పిండియు నుప్పును చక్కెరయు నీస్టును వరుసగా నిడి, మూత వైచి, మీట నొక్కునది, నాలుగు గంటలకు రొట్టె తానే యగును.

అవతారిక. ఇంట్లో బ్రెడ్డు చేసే యంత్రంతో పాటు వచ్చే చిన్న పుస్తకంలోంచి హెచ్చరికలను, విడిభాగాల బొమ్మలను తీసివేస్తే మిగిలే బోధ ఈ ఒక్క వాక్యమే కనుక, యంత్రం కొనదగినదా కాదా అన్న వివాదాన్ని దీనిమీదనే నిలిపి విచారించడం న్యాయం. సూత్రకారుడు అల్పాక్షరాలతో ముగించాడంటే, కష్టమంతా కొన్నవారికే వదిలాడని గ్రహించాలి.

టీకా. నీరును: ఎండు ఈస్టు తడి తగిలిన క్షణం నుంచి పని మొదలుపెడుతుంది కనుక, రాత్రి అన్నీ నింపి తెల్లవారుజామున యంత్రం తిరిగేలా గడియారం పెట్టుకునేవారికి, నీటికీ ఈస్టుకూ మధ్య పిండి అడ్డుగా ఉండాలి, అందుకే నీరు ముందు చెప్పబడింది. కొన్ని యంత్రాలవారు ఈస్టును అడుగున వేసి నీటిని చివర పోయమంటారు గాని, అది శాఖాభేదమే తప్ప సిద్ధాంతభేదం కాదు. ఈ రాత్రి ఏర్పాటులో పాలు, గుడ్లు వాడరాదన్న నిషేధం ఉభయ శాఖలకూ సమానం.

పిండియు: మైదా అని అర్థం. గోధుమలోని గ్లూటెనిన్, గ్లయడిన్ అనే రెండు మాంసకృత్తులు నీటిలో తడిసి, మర్దన పొంది, సాగే వలగా అల్లుకుంటాయి. గ్లూటెన్ అనబడే ఆ వలలో గాలి చిక్కితేనే రొట్టె పొంగుతుంది. ఆరోగ్యకాంక్షతో మైదాను తొలగించి మరపట్టించిన గోధుమపిండిని ఆదేశంగా తెచ్చేవారు తెలుసుకోవలసినదేమంటే, పొట్టు ముక్కలు ఆ వలను కోస్తాయి, రాళ్ల మధ్య నలిగిన పిండి మరింత నీరు తాగుతుంది, చివరకు ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ అయిన రొట్టె వస్తుంది. నీరు పెంచి, విడిగా అమ్మే గ్లూటెన్ పొడి కొంత కలపడం దీనికి ప్రాయశ్చిత్తం.

ఉప్పు ఈస్టుకు కళ్లెం, చక్కెర దానికి మేత. ఈస్టు ఏకకణ శిలీంధ్రం. చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, కొంత ఆల్కహాలును విడిచి, వేడి 60 డిగ్రీలకు చేరేసరికి మరణించి, లోకోపకారం ముగిస్తుంది.

తానే: సూత్రమంతటిలో బరువైన పదం ఇదే. 1980ల నడుమ ఒసాకాలోని మత్సుషిటా సంస్థ ఇంజనీర్లు ఎంత యత్నించినా యంత్రానికి పిండి కలపడం పట్టుబడలేదు. పైన మాడి లోన పచ్చిగా ఉండే రొట్టెలే వచ్చాయి. అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ నిపుణురాలు ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ ప్రధాన రొట్టెకారుడి వద్ద శిష్యరికం చేసి, అతడు పిండిని పిసకడమే కాక మెలితిప్పి సాగదీస్తాడని కనిపెట్టింది. గిన్నె లోపలి గోడకు ప్రత్యేకమైన గట్లు అమర్చి ఆ మెలికను యంత్రానికి నేర్పారు. 1987లో సరుకు అంగడికెక్కింది. చెప్పడానికి మాటలు లేని చేతివిద్య సంస్థకు ఎలా సంక్రమిస్తుందో వివరించడానికి నొనాకా ఇకుజిరో అనే ఆచార్యుడు దీనినే ఉదాహరించాడు. కాబట్టి ‘తానే’ అన్నచోట ‘పేరు వేయని ఒక వంటవాని చేతుల చేత’ అని అధ్యాహారం చేసుకోవాలి.

పూర్వపక్షం. వీధి చివర బ్రెడ్డు దొరుకుతుండగా యంత్రమేల? ఒక్కో రొట్టె మీద 20 రూపాయలు మిగిలినా, 10,000 రూపాయల యంత్రం తన ధర తీర్చుకోవడానికి 500 రొట్టెలు కాల్చాలి. వారానికి రెండు చొప్పున అది దాదాపు అయిదేళ్ల వ్రతం. అడుగున కలిపే రెక్క గుచ్చుకున్న బొక్క ప్రతి రొట్టెకూ తప్పదు. విజయవాడ వేసవిలో ముద్ద అవసరానికి మించి పొంగి, కాలేలోగా నడినెత్తి కుంగుతుంది. యంత్రానికి వేడి చేయడం తెలుసుగాని చల్లబరచడం తెలియదు. అమెరికాలో పాతసామాను దుకాణాల అరల్లో ఇవి బారులు తీరి ఉండడం గృహస్థుల వైరాగ్యానికి ప్రత్యక్ష ప్రమాణం.

దీనికి శుద్ధివాదుల సమాధానం: బజారు బ్రెడ్డులో ఏమి కలుపుతారో ఎవరికెరుక? 2016లో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం బ్రెడ్డులో పొటాషియం బ్రోమేట్ అవశేషాలను చూపగా, ఆ ఏడే ఆహార భద్రతా సంస్థ దానిని నిషేధించింది. కనుక ఈ వాదానికి ఇప్పుడు మునుపటంత వాడి లేదు. పైగా మెత్తదనం నిలిపేవి, బూజును ఆపేవి లేకపోవడమే ఇంటి రొట్టె శుద్ధి కనుక, అది మర్నాటికే గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా.

సిద్ధాంతం. ఉభయులూ రొట్టె ధరను, గుణాన్ని తూచారే గాని యంత్రం నిజంగా మిగిల్చేది ఏమిటో చూడలేదు. పిండి పిసకడం పావుగంట పని. ముద్ద పొంగిందా లేదా అని మూడు గంటలు ఇల్లు కదలకుండా కాపలా కాయడమే అసలు శ్రమ. యంత్రం ఆ కాపలాదారు. ఇడ్లీ పిండి కూడా పులవని చలిదేశపు ఇంట్లో ఉద్యోగానికి పోయే తెలుగు దంపతులకు ఈ కాపలా విలువైనది. గది వేడికి ఏ పిండైనా పొంగే గుంటూరులో దానికి సగం జీతమే న్యాయం. ముద్ద చేయడం వరకే నియోగించి, కాల్చడం ఓవెన్‌కు అప్పగించేవారు వివేకులు. ఇక కొనుటకు అధికారి, అనగా శాస్త్రోక్తమైన అర్హత గలవాడు, ఎవడంటే, ఇంట్లో ఎవరికీ జ్వరం లేనప్పుడు కూడా బ్రెడ్డు తినేవాడు. బ్రెడ్డును పాలలో ముంచి రోగికి పెట్టే పథ్యంగానే ఎరిగిన కుటుంబం, ఎంత సంపన్నమైనా, అనధికారి.

పాఠాంతరం. 2010లో సాన్యో సంస్థ జపానులో తెచ్చిన ‘గోపన్’ యంత్రాన్ని అనుసరించి ‘పిండియు’ అన్నచోట ‘బియ్యమును’ అని చదవాలి. కడిగిన బియ్యాన్ని నీటితో పోస్తే యంత్రం నానబెట్టి, ముద్దగా రుబ్బి, పై అరలోని గ్లూటెన్‌ను, ఈస్టును జారవిడిచి రొట్టె కాలుస్తుంది. బియ్యం నానబోసి రుబ్బేదాకా వచ్చినవాడు కాస్త మినప్పిండి కలిపి ఇడ్లీ వేసుకోక, గోధుమ గ్లూటెన్ కోసం వెదకడం దేనికన్న ఆక్షేపణ తెలుగుదేశంలో తప్పక పుడుతుంది. ఈ పాఠాన్ని సమర్థించే భారం జపాను వ్యాఖ్యాతలదే.