పదహారు బార్లు

మా పాలకుర్తిలో ఏ ఇంటికి పోయి "మీ పిలగాడు ఏం జేస్తున్నడు?" అని అడిగినా మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. గ్రూప్-2కు చదువుతున్నడు. హైదరాబాద్‌ల కోర్సు నేర్చుకుంటున్నడు. ఏందో చేస్తున్నడు. ఈ మూడో జవాబు చెప్పేటప్పుడు తల్లి కొంగు సదురుకుంటుంది, తండ్రి వాకిట్లోకి చూస్తాడు. అదే సమయానికి లోపలి అర్రలోంచి ధబ్ ధబ్‌మని మోత వినబడిందా, ఇక అడగక్కర్లేదు. ఆ ఇంట్లో ర్యాపర్ ఉన్నాడు.

మా వెనక వీధిలో ఒకడున్నాడు. పేరు చెప్పను. చెప్పాలన్నా ఏది చెప్పాలి? ఆధార్ కార్డులో ఉన్నది వాళ్ళ తాత పేరు. వాడు పెట్టుకున్నది, ర్యాపర్ల తీరుగా, ఎమ్‌సీతో మొదలవుతుంది. ఆ ఎమ్‌సీని చూసి వాళ్ళ బాపు మొదట్లో "మండల కమిటీల గిట్ల తీసుకున్నరా ఏంది?" అని సంబురపడ్డాడు కూడా. కాదని తెలిశాక ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మే నెల ఎండలో టోపీ ఉన్న ఉన్ని చొక్కా వేసుకొని తిరిగేవాడు పాలకుర్తిలో వాడొక్కడే. మెడలో ఒక గొలుసు. దాని లావు చూసి వాళ్ళ నాయినమ్మ "బర్రె తలుగు కనబడతలేదంటే ఇగో, వీని మెడల ఉన్నది" అన్నది. మాట్లాడేటప్పుడు చేతులు కోళ్ళను అదిలిస్తున్నట్టు ఆడిస్తాడు. వాడు నమస్తే పెట్టినా ఎదుటివాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

స్టూడియో సంగతి చెప్పాలి. పట్నంలో వాళ్ళు గోడలకు స్పాంజీ అతికించడానికి వేలకు వేలు పోస్తారు. వీడికి ఆ ఖర్చు లేదు. పత్తి ఏరినాక వాళ్ళింట్లో లోపలి అర్ర నిండా పైకప్పు దాకా పోస్తారు కదా, అందులో మనిషి పట్టేంత గూడు చేసుకొని, మైకు పెట్టుకొని కూర్చుంటాడు. పత్తి ఉన్నన్నాళ్ళు గొంతు మెత్తగా, గంభీరంగా పలుకుతుంది. పత్తి పోయిన మర్నాటి నుంచి అర్ర బావిలా మోగుతుంది. అందుకే ఒక ఏడు డిసెంబరులో వాళ్ళ బాపు బండి మాట్లాడుతుంటే వీడు అడ్డంపడి "బాపూ, ఇంకో పది రోజులు ఆగుదాం" అన్నాడు. కొడుకు ఫోన్లో మార్కెట్ చూసి చెబుతున్నాడనుకున్నాడు ఆ అమాయకుడు. ఆగాడు. ఆయన ఆగాడని వాడకట్టులో ఇంకో నలుగురు ఆగారు. పది రోజుల్లో వీడి పాట పూర్తయింది, పత్తి రేటు పడిపోయింది. ఆ నలుగురూ ఇప్పటికీ ఆ పాట వినలేదు. వాళ్ళకు వినిపించే ధైర్యం ఎవరికీ లేదు.

బీటు వాడిది కాదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాయించి యూట్యూబ్‌లో పెట్టినవి ఊరికే దొరుకుతాయి. కాకపోతే పైసలు కట్టి కొనుక్కోకపోతే పాట నడుమ నడుమ ఒక ఆడపిల్ల గొంతు ఆ వాయించినవాడి పేరు గునుస్తుంటుంది, బాకీ సంగతి నలుగురిలో గుర్తుచేసినట్టు. వాళ్ళ నాయినమ్మ మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగో రోజు కోడలిని పిలిచి, "లోపల ఎవలో పోరి ఉన్నదే. పొద్దటి సంది పిలుస్తాంది. తిన్నదో లేదో అడుగు" అన్నది.

ఈ విద్యకు సొంత నిఘంటువు ఉంది. అది మా ఊరి నిఘంటువుతో ఎక్కడా కలవదు. ర్యాప్‌లో బారంటే నాలుగు దెబ్బల కొలత. చరణానికి పదహారు బార్లు ఆనవాయితీ. ఒక రాత్రి అన్నం దగ్గర వీడు గర్వంగా "ఇయ్యాల పదారు బార్లు కొట్టిన" అన్నాడు. వాళ్ళ బాపు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. జనగామ నుంచి తొర్రూరు దాకా లెక్కపెట్టుకున్నా ఆయనకు పదహారు తేలలేదు. ఇంకోసారి వీడు "ఫ్లో తగ్గింది" అని దిగులుగా కూర్చుంటే, "దానికెందుకురా గంత రంది? ఫ్లషింగ్ కొట్టిద్దాం, బోరు బండాయనకు ఫోన్ చేస్త" అని ఓదార్చాడు. తొర్రూరు ర్యాపరొకడితో తనకు బీఫ్ ఉందని, అంటే వైరమని, వీడు చెప్పిన రోజు మాత్రం తల్లికి కోపమొచ్చింది. "ఇంట్ల కోడి కోస్తే ముట్టవు, తొర్రూరు పోయి పెద్దకూర తింటున్నవారా?"

విమర్శకులకు కొదవ లేదు. చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర ఒక పెద్దమనిషి, మంచివాడు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని మూడు నిమిషాలూ కదలకుండా విన్నాడు. తీసి, కండువాతో తుడిచి, చేతికిస్తూ "పాట ఎప్పుడు షురువైతది?" అని అడిగాడు.

నా దగ్గరికీ వచ్చాడు. తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. తొమ్మిదో తరగతిలో వీడికి గురువు, లఘువు నేర్పిన పాపం నాదే. పాట విన్నాను. లయ తప్పలేదు. ఆ సంతోషంలో నోరు జారాను.

"ఒరే, నువ్వు చేసేది కొత్తదేం కాదురా. ఏడెనిమిది వందల ఏండ్ల కిందట మన పాల్కురికి సోమన రగడలు రాసిండు."

"రగడా?" కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఎవలి మీద సార్?"

"ఎవరి మీదా కాదురా. బసవ రగడ అని..."

"బసవ మీద డిస్ ఏసిండా?"

"దేవుడా! పొగిడిండురా!"

"పొగిడితే రగడెట్లయితది సార్? నాగార్జున సినిమల అంత కొట్లాటనే గద."

రగడ అంటే మాత్రల లెక్కతో తాళానికి నడిచే ఛందస్సు అనీ, జంట జంటగా పాదాల చివర ప్రాస కలుస్తుందనీ, అచ్చంగా వాడు కుస్తీ పడుతున్న పనే అదనీ చెప్పాను. బసవపురాణాన్ని ద్విపదలో రాసినందుకు సోమనను పండితులు చిన్నచూపు చూశారనీ, ద్విపద కూడా ఒక కవిత్వమేనా అని మూతి విరిచారనీ చెప్పాను. మన మండలంలోనే ఉన్న బమ్మెరలో పోతన అంత్యప్రాసలతో సీసాలు ఊపేశాడని కూడా చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. చివర్లో, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు: "వాళ్ళకు వ్యూస్ ఎంత సార్?"

నా దగ్గర జవాబు లేకపోయింది.

పాపం, వాడు రంగంలోకి దిగిన వేళ కూడా అట్లాంటిది. న్యూయార్క్ ర్యాపర్ నాస్ 'హిప్ హాప్ ఈజ్ డెడ్' అని ఏకంగా ఆల్బమే విడుదల చేసింది 2006 డిసెంబరులో. అప్పటికి మావాడికి పళ్ళు రాలేదు. అంటే వాడు ఊయలలో ఉండగానే వాడి వృత్తికి దినవారాలు పెట్టేశారు. అయినా అది బతికింది, బాగా బతికింది. మళ్ళీ 2025 అక్టోబరులో, అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి 40 పాటల్లో ఒక్క ర్యాప్ పాటా లేకుండా పోయింది. 1990 తర్వాత అట్లా కావడం అదే మొదటిసారి. ఆ కబురు వాడి ఫోన్లో చూసి, వాడు మూడు రోజులు అర్రలోంచి బయటికి రాలేదు. చుట్టాల్లో ఎవరో పోయారనుకొని నాయినమ్మ తలకు పోసుకోవడానికి నీళ్ళు కాగబెట్టించింది.

ఆదాయం గురించి అడగొద్దు. పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు స్పాటిఫై 2024 నుంచి పైసా ఇవ్వడం లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. వాడి లెక్కలో ఇప్పటికి తేలిన గంటల్లో సగం నాయినమ్మ ఫోనువి. ఆమె యాదగిరిగుట్ట సుప్రభాతం పెట్టమంటే వీడు తన పాట పెట్టి, మోత తగ్గించి, తలగడ కింద పెడతాడు.

తెలుగు ర్యాపర్‌కు ముందున్న దారులు రెండే. ఒకటి సినిమా. 1994లో 'ప్రేమికుడు' వచ్చినప్పుడే మా ఊరి కుర్రకారు ర్యాప్ విని గంతులేశారు. కానీ ఇవాళ్టికీ సినిమా పాటలో ర్యాపర్ వంతు తాళింపులో కరివేపాకంత. హీరో నడిచొచ్చేటప్పుడు నాలుగు ముక్కలు, ఆ తర్వాత ఏరి పక్కన పెడతారు. రెండోది బిగ్ బాస్. రోల్ రైడా 2018లో వెళ్ళాడు, నోయల్ 2020లో వెళ్ళాడు. మావాడూ సిద్ధమే, మూడు నెలలు ఇంట్లో ఊరకే కూర్చోవడంలో వాడికి చాలా అనుభవం ఉంది.

నాకున్న ఫిర్యాదు వేరు. 2019లో వచ్చిన 'గల్లీ బాయ్' చూసినప్పటి నుంచి వాడి పాటల నిండా బొంబాయి గల్లీ, తుపాకీ, రాత్రి రెండింటికి పోలీసు సైరను. పాలకుర్తిలో రాత్రి రెండింటికి మేలుకొని ఉండేవి కుక్కలు, వాడు. వాటిలో వాటికి నిజంగానే వైరాలున్నాయి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట తన ఇంటికి తెచ్చుకున్న చాకలి ఐలమ్మ ఊరిలో పుట్టి, ఎదిరించడం గురించి రాయడానికి బొంబాయి నుంచి సరుకు దింపుకోవాలా? పక్కనున్న దేవరుప్పుల మండలంలో చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొలుసు వేసుకోడు, కిరీటమే పెట్టుకుంటాడు. ఇదంతా వాడికి చెప్పాను. "మీరు ఓల్డ్ స్కూల్ సార్" అన్నాడు. ముప్ఫై ఏండ్లు పనిచేసిన బడి గురించి అంటున్నాడనుకొని "అవును, కొత్త బిల్డింగు కట్టిండ్రు" అన్నాను.

తర్వాత మా చుట్టాలింట్లో పెళ్ళి. వీడు అక్కడ డీజే డబ్బాలు మోయడానికి వచ్చాడు, రోజుకూలీకి. భోజనాల వేళ కట్నాలు చదివే మనిషికి గొంతు పట్టేసింది. మైకు చేతులు మారి మారి వీడి దగ్గరికొచ్చింది. రాసేవాడు చీటీ అందించాడు. డీజే పిల్లవాడు పెళ్ళిలో పడుచులకు వేయాల్సిన దరువు మోత తగ్గించి కింద నడిపించాడు. వీడు ఒక్క క్షణం చీటీ చూశాడు.

"తొర్రూరు నుంచొచ్చె మేనమామ! ఐదు నూట పదార్లు, గదీ ప్రేమ!"

పందిట్లో బువ్వ తినేవాళ్ళు తలెత్తారు.

"చిన్నమ్మ తెచ్చింది ఇత్తడి బిందె! నూట పదార్లు దాని ముందె!"

ఈలలు పడ్డాయి. నేను విస్తరి ముందు కూర్చొని, ఎడమ చేతి వేళ్ళ మీద మాత్రలు లెక్కపెడుతున్నాను. ఒకచోట ఒక మాత్ర ఎక్కువైంది. నా వేలు ఆగింది గానీ, వాడు ఆగలేదు, దాన్ని గొంతులో మింగేసి తాళం అందుకున్నాడు. అప్పుడు నాకు 1973 ఆగస్టు 11 గుర్తొచ్చింది. ఆ రాత్రి న్యూయార్క్ బ్రాంక్స్‌లో, చెల్లెలు సిండీ బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి పైసలు కావాలని, డీజే కూల్ హెర్క్ తామున్న భవనంలోనే ఒక హాల్లో రికార్డులు వేశాడు. ఆడపిల్లలకు పావు డాలరు, మగవాళ్ళకు అర డాలరు టికెట్టు. వాళ్ళ దోస్తు కోక్ లా రాక్ మైకు పట్టుకొని చేసిందేమిటి? వచ్చినవాళ్ళ పేర్లు పిలిచాడు. ఎమ్‌సీల పని అక్కడ మొదలైందంటారు. వాళ్ళది పెళ్ళి కాదు. చదివింపులున్నాయి, అంతే.

కట్నాలు రాసే బల్ల దగ్గర ఏనాడూ చూడని రద్దీ. రాయించి పోయినవాళ్ళు కూడా అక్కడే నిలబడ్డారు. వాళ్ళ బాపు ఒక స్తంభం పక్కన, చేతులు కట్టుకొని, బయటికి చూడకుండా లోపలికే చూస్తున్నాడు. ఇంతలో తొర్రూరు మేనమామ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు, చేతిలో ఒక నోటు.

"నా పేరు పిలిచినప్పుడు చెయ్యి కడుగుతున్ననోయ్, సక్కగ ఇనలే. ఇగో, ఇంకో వంద. మళ్ళొకసారి చదువు."

వీడు నోటు తీసుకోకుండా తల అడ్డంగా ఊపాడు.

"వందకు ప్రాస కుదరది మామా. నూట పదార్లు జెయ్యి."