నా అంచు మీది సొట్ట

నేను ఇత్తడి పళ్లేన్ని. నాలో ఎవరూ అన్నం తినలేదు. కూచిపూడి వీధుల్లో నాలాంటి పళ్లెం ఎందుకో చిన్నపిల్లలకి కూడా తెలుసు: అంచు మీద రెండు పాదాలూ పెట్టి తరంగం ఆడటానికి. నారాయణ తీర్థుల వారు సంస్కృతంలో కృష్ణలీలలని తరంగాలుగా రాసుకున్నారు. వాటిని పళ్లెమెక్కించిన ఘనత మా ఊరిది.

చూసేవాళ్లకి నేను చక్రాల మీద దొర్లుతున్నట్టే ఉంటుంది. గుట్టంతా పాదంలో ఉంది. బొటనవేలూ దాని పక్క వేలూ అంచుని కరుచుకోవాలి. బరువు మడమ మీంచి మునివేళ్లకి, మళ్లీ వెనక్కి. ఆ ఊపుకి నేను అంగుళం అంగుళం జరుగుతాను. నెత్తిన నీళ్ల చెంబు కూడా ఉంటే నడుము కిందంతా కదలాలి, మెడ మాత్రం కదలకూడదు. కొత్తవాళ్ల అరికాళ్లలో వారం రోజులు ఎర్రటి గీత ఉండిపోతుంది. మాస్టారికి జాలి లేదు. "నొప్పి పళ్లేనికి లేదుగా అమ్మాయ్, నీకెందుకు?" అనేవారు.

మొన్న సంక్రాంతి వెళ్లాక పాత విద్యార్థులు పదిమంది దాకా వచ్చారు. కోతలయిన మళ్లలో మినుము పచ్చగా ఉంది. పామర్రు దాటి చల్లపల్లి రోడ్డెక్కగానే కారులో గోల మొదలైందట. గుళ్లో రామలింగేశ్వరస్వామికి దండం పెట్టుకుని తిన్నగా నాట్యశాలకే వచ్చారు. ఒకావిడ న్యూజెర్సీలో పిల్లలకి నేర్పుతోంది. ఒకాయన బ్యాంకులో ఉన్నాడు. చదువుకునే రోజుల్లో సత్యభామ వేషం కట్టేవాడు. మా ఊళ్లో మగవాడు భామ కావడం వింత కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషంతోనే దేశమంతా తిరిగి 1970లో పద్మశ్రీ తెచ్చుకున్నారు. అసలు ఆడపిల్లలు ఈ నాట్యంలోకి రావడమే ఆలస్యంగా జరిగింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు వాళ్లకి నేర్పడం మొదలుపెడితే, మద్రాసులో 1963లో అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యంగారి దగ్గరికి వాళ్లు బారులు తీరారు. నా అంచెక్కిన పాదాల్లో ఇప్పుడు ఆడవాళ్లవే ఎక్కువ. తేడా ఏమైనా ఉందా అంటే, మగపిల్లలు మొదటిరోజే దూకుతారు, ఆడపిల్లలు మొదటిరోజు చూస్తారు. పడటంలో మాత్రం ఇద్దరూ ఒకటే.

"ఏరా, నీ జడ ఊడిన రోజు గుర్తుందా?" అని అందుకుందొకావిడ. సత్యభామ జడంటే మాటలా! దాన్ని తెర మీద వేసి, తనని ఓడించగలిగేవాళ్లుంటే రమ్మని సవాలు చేసే ఆచారం ఉంది. అట్లాంటి జడ సగం ప్రదర్శనలో కింద పడింది. ఈయన తడుముకోకుండా ఒంగి తీసి, చెలికత్తె చేతిలో పెట్టి, అదీ అభినయంలో భాగమే అన్నట్టు విసురుగా మొహం తిప్పుకున్నాడట. జనం చప్పట్లు కొట్టారు. తెల్లవారుజామున చలిలో అరమండి కూర్చోవడం, దొంగచాటుగా పామర్రు పోయి సినిమా చూడటం, మొవ్వ దాకా నడిచి వేణుగోపాలస్వామి గుడి అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుచుకోవడం... అన్నీ అయ్యాయి. ఇరవై ఏళ్ల తర్వాత కలిసినవాళ్లకి తిట్లు కూడా తియ్యగా గుర్తుంటాయి.

అప్పుడు నన్ను మూల నుంచి తీశారు. చింతపండు పెట్టి తోమారు కూడా. అంచు మీద సొట్ట కనబడగానే న్యూజెర్సీ ఆవిడ అరిచింది: "ఇది నాదే! చెంబుతో సహా పడ్డాను కదే!" బ్యాంకాయన ఒప్పుకోలేదు. "నీ మొహం. నేను దూకితే పడిందిది." ఇంకొకావిడ తన కాలి మచ్చ చూపించి ఇదే సాక్ష్యమంది.

వాళ్లలో ఒకావిడ మాత్రం మాట్లాడలేదు. పెళ్లయ్యాక గజ్జె కట్టలేదు, బళ్లో లెక్కలు చెబుతోంది. గొడవ సందట్లో చీర కుచ్చిళ్లు దోపుకుని, వంగి నన్ను తాకి కళ్లకద్దుకుని ఎక్కింది. మడమ పగిలి ఉంది. బరువు పెరిగింది. అయినా బొటనవేలు వెతుక్కోకుండా దాని చోటికి అదే వెళ్లింది. ఎవరో నోటితో జతి అందుకున్నారు. నాలుగు ఆవర్తాలు, జానెడు దూరం. మోకాలు పట్టేసింది, దిగింది. రొప్పుతూ, "ఆ సొట్ట నాదేనర్రా" అంది.

ఎవరూ కాదనలేదు.

అసలు సంగతి నాకు తెలుసు. ఒక దసరాకి ప్రదర్శన ముగించుకుని వస్తుంటే, పామర్రులో బస్సు మీంచి సామాను దించారు. హార్మోనియం పెట్టెని ఇద్దరు జాగ్రత్తగా అందుకున్నారు. నన్ను ఎవరూ అందుకోలేదు. మీరెప్పుడైనా కూచిపూడి వస్తే ఈ మాట వాళ్ల చెవిన వెయ్యకండి.