సెంటు కొనాలా? మిట్టమధ్యాహ్నం వెళ్లండి

సెంటు కొనడానికి పొద్దున్నే, చల్లటి పూట, స్నానం చేసి వెళ్లాలంటారు. వినకండి. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, కడుపునిండా బిర్యానీ తిని వెళ్లండి. అప్పుడే తలంటుకున్న ఒంటి మీద ఏదైనా బాగానే ఉంటుంది. మీరు పూసుకుని తిరగబోయేది చెమట పట్టే ఒంటితో.

హైదరాబాద్ అబిడ్స్‌లో ఒక స్ప్రే నచ్చింది. నాంపల్లిలో, యూసుఫైన్ దర్గా దారిలో మిట్టీ అత్తరు నచ్చింది. ఏది కొనాలి? రెండిటినీ ఒక్కచోట పెట్టుకుని వాసన చూశారో, మోసపోతారు. స్ప్రేలో ఎక్కువ భాగం ఆల్కహాలే. అది ఆవిరవుతూ నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనల్ని ఒక్కసారిగా ముక్కుకి కొడుతుంది. పావుగంటకి ఆ హడావుడి సద్దుమణుగుతుంది. మిట్టీ తీరే వేరు. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిపెళ్లల్ని రాగి డేగిసాలో నీళ్లతో ఉడికించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దించుతారు. తొలివాన పడ్డ నేల వాసన అలా నూనెకెక్కుతుంది. ఒంటివేడి తగిలాక గానీ విచ్చుకోదు. అందుకే కొట్లో నిలబడి పోలిస్తే గెలిచేది స్ప్రేయే. కొట్లో గెలిచినదాన్ని కొనకండి.

ముందు అబిడ్స్‌లో ఎడమ మణికట్టుకి స్ప్రే కొట్టించుకుని నాంపల్లి దాకా నడవండి. అక్కడ కుడి మణికట్టుకి అత్తరు. గాజుపుల్లతో ఒక గీత చాలు. రుద్దకండి. కాఫీగింజలు వాసన చూడమంటే వద్దనండి, ముక్కు తేరుకోవడానికి బయటిగాలి చాలు. ఇక మళ్లీ అబిడ్స్ జీపీవో వైపు నడక. బస్సుల పొగ, బజ్జీల నూనె, ఇరానీ చాయ్, ఆదివారమైతే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. వీటన్నిటి మధ్య ఏ చేతి వాసన తనంతట తాను వచ్చి తగులుతుందో చూడండి. చెయ్యి మాత్రం ముక్కు దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ధరలు పోల్చడం దండగ. తులం అత్తరంటే 11.66 గ్రాములు, అదంతా నూనే. దాన్ని 100 మిల్లీలీటర్ల స్ప్రే సీసాతో ఎలా తూస్తారు?

నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో అసలు కొనొద్దు. జనవరి చలిలో నూనె బద్ధకిస్తుంది. పైగా సీసా అయిపోయేసరికి ఆ స్టాలు ఉండదు.

తీర్పు కూడా మీరు చెప్పకండి. సాయంత్రానికి మీ ముక్కు రెండు వాసనలకీ అలవాటు పడిపోతుంది. ఏ చేతికి ఏది రాశారో చెప్పకుండా అమ్మని అడగండి. ఆవిడ మెచ్చిందే మర్నాడు వెళ్లి కొనండి. అత్తరైతే పావు తులంతో మొదలుపెట్టండి.