స్కౌటు సామాను

గోదావరిఖనిలో చీకట్లోకి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. తరాలుగా మూడు షిఫ్టుల్లోనూ బొగ్గు కోసం భూమిలోకి దిగిన ఊరు ఇది. అందుకే మావాడు స్కౌట్స్‌లో చేరి, జనవరి క్యాంపుకు సామాన్ల చీటీ తెచ్చేసరికి ఇంట్లో అందరూ ఒకేసారి నిపుణులైపోయారు.

చీటీ చిన్నదే. చెద్దరు, కంచం, గ్లాసు, టార్చి, తాడు, సబ్బు, నీళ్ల సీసా, మార్చుకోను బట్టలు. టెంట్లు వాళ్లే ఇస్తారని కింద రాసి ఉంది కూడా. కానీ చీటీ చివరిదాకా చదివే ఆచారం మన ఇళ్లలో లేదు.

ముందు మా బావమరిది రంగంలోకి దిగాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హిమాలయాల వీడియోలన్నీ చూశాడు, హిమాలయాలు తప్ప. మేనల్లుడి కోసం ఆన్‌లైన్లో ఒక టెంటు, మైనస్ అయిదు డిగ్రీల చలినైనా ఆపే స్లీపింగ్ బ్యాగు పంపించాడు. మే నెల వస్తే ఎండల వార్తల్లో మా రామగుండం పేరు తప్పకుండా వినపడుతుంది. జనవరిలో చలి లేదని కాదు, మంకీ టోపీకి లొంగిపోయే చలి. మావాడు హాల్లోనే ఆ బ్యాగులో దూరి, జిప్పు మెడదాకా లాక్కుని, అది ఇరుక్కుపోయి కేకలు పెట్టాడు. వాళ్లమ్మ కొబ్బరినూనె రాసి బయటికి తీసింది. నూనె జిప్పుకు కొంత, వాడికి కొంత.

మా బాపు రిటైరైన టింబర్‌మన్. బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా సపోర్టులు పెట్టిన మనిషి. బావమరిది పంపిన టార్చి కూడా ఉందండోయ్, అందులో ఎర్రగా మిణుకుమనే వెలుగు ఒకటి. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగనే ఉన్నది గని, రెండు చేతుల్ల బకీట్లు పట్టుకున్నంక లైటు ఎవలు పట్టుకుంటరు?"

బాయి పనోళ్ల లైటు టోపీకి ఉండేది అందుకే, చేతులు పనికి కావాలి. లక్ష్మీనగర్ వెళ్లి, రబ్బరు పట్టీతో నెత్తికి కట్టుకునే చవక లైటు కొన్నాం. బాపు అంతటితో వదల్లేదు. బాయి ల్యాంప్‌రూంలో టోకెన్ ఇచ్చి లైటు తీసుకుంటారు, పైకొచ్చాక లైటు ఇచ్చేసి టోకెన్ తీసుకుంటారు. లైటు రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. అదే పద్ధతి మనవడికీ పెట్టాడు. సామాన్ల పేర్లన్నీ అట్టముక్క మీద వాడిచేతనే రాయించి, సంచిలో కుట్టించాడు. రోజూ పొద్దున, రాత్రి టిక్కు పెట్టుకోవాలట.

తాడు దగ్గర ఇద్దరికీ పోటీ. బాపు మంచం కోడుకు రెండు చుట్లు తిప్పి బిగించాడు. "తాతా, అది క్లోవ్ హిచ్!" అని వాడు ఎగిరాడు. "ఏమో బిడ్డా, మేం గిట్లనే కడ్తుంటిమి." మెడలో స్కార్ఫు విప్పితే విరిగిన చేతికి కట్టు అవుతుందనీ, రెండు కర్రలకు చొక్కాలు తొడిగితే స్ట్రెచర్ అవుతుందనీ వాడు చెప్పాడు. బాపు మొదటిసారి స్కౌట్స్‌ను మెచ్చుకున్నాడు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది దాకా పిల్లలతో మొదటి స్కౌటు క్యాంపు పెట్టిన బేడెన్ పవెల్‌కు ఈ మెప్పు అందినట్టే.

చివరికి బరువు పరీక్ష. సంచి మోసుకుని దాబా మెట్లు ఎక్కమన్నాడు బాపు. మూడో మెట్టు మీద మావాడు వెనక్కి ఒరిగాడు. టెంటు తీశాం. స్లీపింగ్ బ్యాగు తీశాం. సంచిలో తానే దాచిన గొంగడిని బాపు గుట్టుగా లాగేసి, చెద్దరు పెట్టాడు. వానకూ చలికీ గొంగడిని మించింది లేదు కానీ, దాన్ని మోయడానికి ఇంకో స్కౌటు కావాలి. అన్నిటికన్నా బరువైనది సకినాల డబ్బా. దాన్ని తీయమనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కాబట్టి పాఠకులకు మనవి. టెంటు ఒకటి, స్లీపింగ్ బ్యాగు ఒకటి, రెండూ కొత్తవే, సగం ధరకు ఇస్తాం. జిప్పుకు నూనె రాసే ఉంది. మా బావమరిదికి మాత్రం చెప్పకండి.