కర్దమిని: చెరువుకట్ట మీది ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

మెదకు సీమ కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి తన వ్యాఖ్యలకు పెట్టిన పేర్లు చూస్తే అసూయ పుడుతుంది. రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘానికి సర్వంకష. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన శపథం. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటించే ఉద్దేశం బొత్తిగా లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నా వ్యాఖ్య పేరు కర్దమిని. కర్దమమంటే బురద.

మూలం దొరికిన చోటు కర్ణాటకలో, చింతామణి నుంచి బాగేపల్లికి పోయే దారిలో మా ఊరి చెరువుకట్ట. రెండు ఇనుప గొట్టాలకు కట్టిన ఫ్లెక్సీ. పైన కన్నడం, నడుమ ఇంగ్లీషు, అడుగున తెలుగు. ఈ తెలుగు మా కోసం అనుకుని మురిశాను. కాదు, 44వ నంబరు హైవే మీద హైదరాబాదు నుంచి వచ్చే కార్ల కోసం.

మూలం: "ప్రకృతి ఒడిలో, నిర్మల సరోవర తీరాన, ఆర్.వి. క్యాంపింగ్ మరియు బోటింగ్* యొక్క మధురానుభూతిని ఆస్వాదించండి. పశువులను దింపరాదు. బట్టలు ఉతకరాదు. చేపలు పట్టరాదు."

ప్రకృతి ఒడిలో: స్పష్టం. (అర్థం కాని చోట స్పష్టమని రాసి దాటిపోవడం పూర్వవ్యాఖ్యాతలు మనకిచ్చిన వరం.) 'మరియు', 'యొక్క' అనే రెంటికీ టీక రాయను. ఈ వయసులో రక్తపోటు మంచిది కాదు.

నిర్మల: మలము లేనిది. ఇక్కడ కొంచెం ఆగాలి. మా చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని అన్నీ నంది కొండల చుట్టుపక్కల పుడతాయి, ఆడపిల్లల్లా పొరుగింటికి పోతాయి. మాకు మిగిలింది వెయ్యడుగులు దాటిన బోర్లు, వాటిలో ఫ్లోరైడు. ఈ కరువు తీర్చడానికి బెంగళూరు మురుగునీళ్ళను రెండు దశల్లో శుద్ధి చేసి, హెబ్బాళ–నాగవార లోయ నుంచి మా జిల్లా చెరువులకూ, కోరమంగళ–చల్లఘట్ట లోయ నుంచి కోలారు వైపూ గొట్టాల్లో తోడుతున్నారు. ఆ రెండోది 2018లో పారింది. మూడో దశ శుద్ధి కూడా చెయ్యండి మహాప్రభో అని రైతులు అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. కాబట్టి ఈ జిల్లాలో ఒక చెరువును నిర్మలమన్నప్పుడు ఆ మాట అన్వర్థమా, విపరీతలక్షణా అన్నది ఆలంకారికులు తేల్చాలి. మా చెరువుకు మాత్రం ఆ గొట్టం రాలేదు. వాన కూడా సరిగా రాలేదు. మలమూ లేదు, జలమూ లేదు. నిర్మలత్వం, నిర్జలత్వం ఒక్క గుంటలో సాధించిన ఘనత మాది.

సరోవర: సరస్సులలో శ్రేష్ఠమైనది. జలాశయం, తటాకం, కాసారం, పల్వలం అంటూ అమరసింహుడు మెట్లు కట్టాడు. మా చెరువు ఉగాదినాటికి చివరి మెట్టు కూడా దిగిపోయి, బళ్ళారి జాలికంప వనమవుతుంది. ఉన్న తెలుగు మాట చెరువు. అది నోటికి రానివాళ్ళకు లేక్, అది కూడా చాలనివాళ్ళకు సరోవరం. పేరు పెరిగేకొద్దీ నీళ్ళు తగ్గుతాయని నా పరిశీలన.

చెరువు అంటే ఏమిటో తెలియాలంటే పోరుమామిళ్ళకు పోవాలి. 1369లో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, అక్కడ చెరువు కట్టించి శాసనం వేయించాడు. చెరువుకు పన్నెండు అంగాలట. ధర్మం తెలిసిన రాజు, పాథశ్శాస్త్రం చదివిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తియ్యటి నీళ్ళ నది, దాన్ని ఒరుసుకునే కొండ, మరీ పొడుగు కాని రాతికట్ట, లోతైన గర్భం, దగ్గర్లో రాతిగని, కింద పండే పొలాలు, పని తెలిసిన జనం... ఇట్లా సాగుతుంది. పాథశ్శాస్త్రం! పాథస్సు అంటే నీళ్ళు. నీటికి ఒక శాస్త్రం ఉండేదని, అది చదివినవాడు లేకపోతే చెరువు చెరువు కాదని ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కించారు. ఆ పన్నెండింటిలో బోటు లేదు. వ్యూ పాయింటు లేదు. నాలుగుసార్లు చదివాను.

దోషాలు ఆరు. కట్ట చెమర్చడం, చవుడు నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. మిగిలినది నాకు ప్రాణం: చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం. ఈ ముక్క చదివినప్పుడల్లా బాగేపల్లి గుర్తొస్తుంది. ఆ ఊరి దగ్గర పరగోడులో చిత్రావతికి అడ్డుకట్ట అనగానే, దిగువన బుక్కపట్నం చెరువు ఎండుతుందని ఆంధ్ర వైపు నుంచి గొడవ లేచింది. బుక్కరాయల కొడుకు చెప్పిన దోషం పోయి పోయి బుక్కపట్నానికే తగిలింది. పైనున్నవాళ్ళూ తెలుగు మాట్లాడేవాళ్ళే, కిందున్నవాళ్ళూ తెలుగువాళ్ళే. నీళ్ళకు మాత్రం రెండు రాష్ట్రాలు.

అదే శాసనంలో ఇంకో లెక్క ఉంది. ఆ చెరువు పనికి రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు. నూరు బండ్లు! కట్టకు రాయి మోసిన బండ్లు. అవి నడిచాక ఆరున్నర శతాబ్దాలకు మా కట్ట మీదికి ఒక బండి వచ్చింది, పరుపు మోసుకుని. ఫ్లెక్సీ సంగతి మరిచాననుకున్నారా? వస్తున్నాను.

ఆర్.వి.: సంస్కృతంలో 'అర్వ' అంటే గుర్రం. గుర్రం లాగేది ఆర్వి అని వ్యుత్పత్తి చెప్పుకోవచ్చు. నిజానికి ఇది అమెరికావాళ్ళ పొడి అక్షరాలు, విహారపు బండి అని. ఇల్లూ బండీ ఒకటే. మనకు ఇది కొత్తా? బిడారు అనే మాట నిఘంటువులో ఇంకా బతికే ఉంది. ఎద్దుల మీద సరుకేసుకుని గుంపుగా పోయే వర్తకులు బిడారు, దిగిన చోటు బిడారం. కట్ట కింద మామను అడిగాను. ఒకప్పుడు తూము తిప్పిన నీరుగంటి ఆయన.

"మా తాత కాలంలో లంబాడోళ్ళు ఉప్పేసుకోని ఈడే దిగేటోళ్ళంట సామీ. దుడ్డు ఎవురూ అడిగిందిల్యా. ఇప్పుడు వీళ్ళు బండ్లోనే పండుకుంటారంట, బండ్లోనే వండుకుంటారంట. అది సరే, మరి దొడ్డికి?"

ఇంత సూటి ప్రశ్న ఏ వ్యాఖ్యాతా వెయ్యలేదు. మా అక్క కొడుకు ఫీనిక్సులో ఉంటాడు, వాణ్ణి అడిగాను. అక్కడి ఆర్వీల అడుగున రెండు ట్యాంకులుంటాయట, కడుగునీళ్ళకు ఒకటి, మామ అడిగినదానికి ఒకటి. వాటిని ఖాళీ చెయ్యడానికి విడిగా స్థలాలు కట్టి ఉంటాయట. మా కట్ట మీదికి వచ్చింది పూల కర్టెన్లు కట్టిన పాత మినీబస్సు. దాని వెనక నుంచి పసుపుపచ్చ పైపు ఒకటి గడ్డిలోకి దిగింది. పైపు వెంట నడిచాను. గడ్డి దాటి, చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువలో తేలింది. కాలువ పూడిక తియ్యమని పదేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. దుడ్డు లేదన్నారు. కాలువలోకి పైపు మాత్రం వచ్చింది. ఇక్కడ వ్యాఖ్యాతకు గాంభీర్యం తప్పింది, పాఠకులు క్షమించాలి. 'నిర్మల' పదానికి పైన రాసిన అర్థాన్ని కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

బోటింగ్*: నడి చెరువులో, నెర్రెలిచ్చిన మట్టి మీద, ఫైబరు హంస ఒకటి కూర్చుని ఉంది. తొక్కే పడవ. దాని మెడ నీడలో మూడు మేకలు. హంసకు నీరక్షీర వివేకమని కవిసమయం. నీరమే లేనిచోట అది ఎవరికి చూపిస్తుంది? మేనల్లుణ్ణి ఎగతాళి చెయ్యబోతే వాడు నవ్వాడు. వాళ్ళ వైపున్న పావెల్ సరస్సు ఎడారిలో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు. 2022లో అది అడుగంటి, బోట్లు దించే ర్యాంపులు చాలా మూతపడ్డాయట. అదీ యూటా, అరిజోనాల పొలిమేరే. భాస్కరుడి శాసనం అక్కడిదాకా పనిచేస్తుందని తెలిసి వ్యాఖ్యాతగా నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక ఆ చుక్క. బోటింగ్ నెత్తిన కూర్చున్న చుక్కకు అర్థం ఫ్లెక్సీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: "నీరు ఉన్నప్పుడు మాత్రమే." పామరులు దీన్ని షరతు అంటారు. నేను నక్షత్రమే అంటాను. ఏ నక్షత్రం? ఆరుద్ర కాదు, ఆ కార్తెలో మాకు దుమ్ము అణిగితే గొప్ప. మా వైపు చెరువు నిండేది హస్త, చిత్త, స్వాతుల్లో. 2021 నవంబరులో అయితే వానలు ముంచెత్తి, చుట్టుపక్కల చెరువులన్నీ మొరవ పోయాయి, అంటే నిండి అలుగు పారాయి. ఊరూరా జనం టెంకాయలు కొట్టి, మొరవ మీద చీరా పసుపూ వదిలారు. ఆవేళ బోటు లేదు. ఎవరికీ గుర్తు కూడా రాలేదు.

దింపరాదు, ఉతకరాదు, పట్టరాదు: ఎవరు? ఎవరిని? మూడు వాక్యాల్లోనూ కర్త లేడు. నిషేధవాక్యాలకు మా తాలూకాలో కర్త ఎన్నడూ దొరకడు. దొరికితే వెళ్ళి అడుగుదుము. నీళ్ళుంటే గొడ్లు దిగేది ఇక్కడే. చాకళ్ళ బండలు ఇక్కడే ఉన్నాయి, అరిగి నున్నగా, నాలుగు తరాల దెబ్బలతో. చేపల పాట ఏటేటా పాడేది ఇక్కడే. ఇన్నిటినీ తీసేసి మిగిలినదాన్ని ఆస్వాదించండి అన్నారు. ఏం మిగిలిందని?

పాఠశుద్ధి: టీక ముగించే ముందు మూలం మళ్ళీ సరిచూద్దామని మొన్న కట్టకు పోయాను. గాలికి ఫ్లెక్సీ చిరిగి సగం పోయింది. మిగిలిన సగంలో 'ప్రకృతి', 'నిర్మల', 'ఆర్.వి.' వరకే ఉన్నాయి. తక్కినది గ్రంథపాతం. వెతగ్గా మామ గడ్డివామి మీద కనిపించింది, అక్షరాలు లోపలికి తిప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి. ఒక్కసారి తీసి చూపించు మామా, పాఠభేదాలు రాసుకోవాలన్నాను.

మామ పడమటి దిక్కు చూశాడు. "హస్త జొచ్చింది సామీ. ఇప్పుడు తియ్యను."