రుచి చూశాకే వడ్డించామండీ!

బడిలోనో హాస్టల్లోనో పిల్లలు కడుపు పట్టుకుని వరసగా ఆసుపత్రి మంచాలెక్కిన సాయంత్రం, టీవీ మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి నోట తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: "మేము రుచి చూశాకే వడ్డించామండీ." ఆ మాటలో అబద్ధమేమీ ఉండనక్కర్లేదు. పిల్లలకు పెట్టేముందు ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు తిని చూడాలని మధ్యాహ్న భోజన పథకం మార్గదర్శకాలే చెబుతున్నాయి. దానికో రిజిస్టరు, అందులో తేదీ, వంటకం పేరు, 'బాగుంది' అన్న మాట, పక్కన పొట్టి సంతకం. సాంబారు మారుతుంది, పప్పు మారుతుంది, 'బాగుంది' మాత్రం ఏడాది పొడుగునా బాగానే ఉంటుంది. బాగాలేని రోజున ఏం రాయాలో ఆ గడికి ఎవరూ నేర్పినట్టు లేదు.

ఈ పరీక్షలో ఒక చిన్న ఇబ్బంది ఉంది. తిండిలో చేరిన సూక్ష్మజీవులకు మన టైంటేబుల్ తెలియదు. వంటవాళ్ల చేతి మీది పుండు నుంచి కూరలోకి దిగే స్టఫిలోకాకస్ తొందరపాటుది. దాని విషం పనిచేయడానికి అరగంట నుంచి 8 గంటలు పడుతుంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అయితే 6 నుంచి 24 గంటలు తీసుకుంటుంది. సాల్మొనెల్లా మరీ తీరుబడిగా 6 గంటలకు రావచ్చు, 6 రోజులకూ రావచ్చు. పన్నెండింటికి గరిటెడు నోట్లో వేసుకుని, పావుగంటలో గంట కొట్టించే హెడ్మాస్టరు గారు వీటిలో దేన్ని పట్టుకుంటారు? పిల్లలకన్నా పావుగంట ముందు వాంతి చేసుకునే గౌరవం మాత్రం ఆయనకు దక్కుతుంది. రాజుగారి భోజనాన్ని ముందు అగ్నిలో వేసి, పక్షులకు పెట్టి చూడమన్నాడు కౌటిల్యుడు. ఆ కాలంలో కనీసం పక్షికి ఏమవుతుందో చూసేదాకా రాజు ఆగేవాడు. మనం ఆగం, బెల్లు కొట్టేస్తాం.

నాలిక సంగతి అలా ఉంచి, ముక్కు పట్టుకుంటుంది కదా అంటారు. ముక్కు పట్టుకునేది పాచిపోయిన తిండిని. తిండిని పులియబెట్టి కంపు కొట్టించే జీవులు వేరు, మనిషిని మంచాన పడేసేవి వేరు. ఈ రెండో రకం రంగు, రుచి, వాసన ఏదీ చెడగొట్టకుండా లక్షల్లో పెరిగిపోగలదు. తెల్లవారుజామున పెద్ద గుండిగలో పప్పు ఉడికించి, మూత పెట్టి, మధ్యాహ్నం దాకా అలా వదిలేశారనుకోండి. ఉడుకుకు చావని బీజాలు కొన్ని అందులో మిగులుతాయి. గుండిగ అంచులు ముందు చల్లబడతాయి, నడిమధ్య గోరువెచ్చదనం గంటలకొద్దీ నిలుస్తుంది. ఆ వెచ్చదనంలో పెర్‌ఫ్రింజెన్స్ పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. లెక్క వేసుకోండి: ఒక్కటి మూడు గంటల్లో రెండు లక్షల అరవై రెండు వేలు దాటుతుంది. పప్పు మాత్రం కమ్మగానే ఉంటుంది, ఇంగువ పోపు ఘుమఘుమలాడుతూనే ఉంటుంది. మళ్లీ మరిగిస్తే సరిపోతుందనే వాళ్లూ ఉన్నారు. స్టఫిలోకాకస్ విషం మరుగుకు లొంగదు. మిగిలిపోయిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ తయారుచేసే వాంతుల విషమైతే 121 డిగ్రీల దగ్గర గంటన్నర పెట్టినా చెక్కుచెదరదు. జీవి చచ్చినా అది వదిలిన విషం గుండిగలోనే ఉంటుంది.

"మా అమ్మమ్మలు ముక్కుతోనే కదా సంసారాలు ఈదారు, చద్దన్నం తిని నూరేళ్లు బతికారు" అన్నది పెద్ద అభ్యంతరం. అమ్మమ్మ వండింది పదిమందికి, ఐదు వందల మందికి కాదు. పొయ్యి దించిన గంటలోపే విస్తళ్లు వేసేది. చద్దన్నాన్ని గంజిలోనో మజ్జిగలోనో నానేసేది, ఆ పులుపు చాలా జీవుల్ని ఎదగనివ్వదు. ఆవకాయను ఉప్పూ పులుపూ కాపాడతాయి. అంటే ఆవిడ దగ్గర ముక్కు కాక వేరే పద్ధతి ఉంది. మనం ఆ పద్ధతిని వదిలేసి ముక్కును మాత్రం వారసత్వంగా తెచ్చుకున్నాం.

రుచి చూడటం శుద్ధ దండగ అనను. 2013లో బిహార్‌లోని ఛప్రా దగ్గర మధ్యాహ్న భోజనంలో పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. అలాంటి రసాయనాన్ని ఒక్కోసారి నాలిక పట్టుకోవచ్చు, పట్టుకున్నప్పుడు వినే పెద్దలుంటే. తానూ తినాలన్న భయం అధికారికి కొంత ఒళ్లు దగ్గర పెట్టుకునేలా చేస్తుందనీ ఒప్పుకుంటాను. నా పేచీ దాన్ని భద్రతకు ధ్రువపత్రంగా చూపించడంతోనే. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ పాఠశాలలో వారంలోనే రెండుసార్లు పిల్లలు అస్వస్థులయ్యారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా అధికారులు బడికి పరుగెత్తి, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని, ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఫొటో దిగుతారు. ఆ రోజు అన్నం తెల్లగా ఉంటుంది, కూరలో ముక్కలుంటాయి, వంటావిడ తలకు టోపీ కూడా ఉంటుంది. రోగం మాత్రం ఫొటో లేని రోజు చూసుకుని వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏ పంచాంగం కన్నా సులువు: వండినది 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీలకు లోపు చల్లగా ఉండాలి, ఈ మధ్యలో రెండు గంటలు మించకూడదు. దీన్ని చూడటానికి కావలసింది గుండిగ నడుమకు దిగే సూది థర్మామీటరు ఒకటి, పొయ్యి దించిన వేళ రాసే గడి ఒకటి. "అన్ని బళ్లకూ థర్మామీటర్లా, డబ్బెక్కడిది?" అంటారు. పథకం ప్రారంభోత్సవానికి కట్టిన ఫ్లెక్సీ కన్నా అది చవక. నిజంగా డబ్బు చాలనిది వేరే చోట. కేంద్రం లెక్కలో వంటావిడకు నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. ఆ జీతానికి ఆవిడ కట్టెలు తేవాలి, నీళ్లు మోయాలి, బియ్యం ఏరాలి, చేతికి పుండైతే సెలవు పెట్టాలి. సెలవు పెడితే ఆ రోజు వండేదెవరో మార్గదర్శకాల్లో వెతకండి. ఈసారి తనిఖీకి వచ్చే దొర గరిట అందుకోబోయే ముందు, వంటగదిలో చేతులు కడుక్కునే కుళాయి ఎటుందని, అక్కడ సబ్బుందా అని అడిగితే చాలు. రుచి ఎలా ఉందో పిల్లలే చెబుతారు.